ఎండలో ఇరవై నిమిషాలు

దొంగ దొరికాడు.

రెండో అంతస్తు కిటికీలోంచి కిందికి చూస్తూ, విచారణాధికారి చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. కరెంటు ఆఫీసు ఆవరణ నడిమధ్య, గోరంత నీడ కూడా లేని చోట, ఆ లైన్‌మన్ నిలబడి ఉన్నాడు. పొట్టి చేతుల చొక్కా. నెత్తిన గుడ్డ లేదు. ముఖం నేరుగా సూర్యుడికేసి ఎత్తి పెట్టాడు.

ఎండ తగిలితే చాలు, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, సలసల కాగే నీళ్ళు పోసినట్టు మండే రోగం తనకుందని అర్జీ పెట్టుకున్నది ఇతనే. లక్షల్లో ఒకరికి వస్తుందట. గంటా రెండు గంటలు నీడపట్టున ఉంటే మచ్చయినా మిగలకుండా పోతుందట. ఎంత అనుకూలమైన రోగమో అనుకున్నాడు అధికారి, అర్జీ చదివిన రోజునే.

స్తంభాలెక్కే పని మాన్పించి, లోపల మీటర్లు బాగుచేసే గదిలో వేయమంటాడు. కిందటి నెల స్తంభం మీదే కళ్ళు తిరిగి, నడుముకున్న బెల్టుకు వేలాడాడట. ఈసారి ఎక్కితే ప్రాణాలతో దిగనేమోనని భయమట. అన్నీ 'అట'లే. చూసినవాడు లేడు.

కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషని ఆఫీసులో అధికారికి పేరు. ఆ మాట చెవిన పడితే ఆయన నొచ్చుకోడు, మురిసిపోతాడు. నడుం నొప్పని సెలవు పెట్టి, ఇల్లు మారుతూ బీరువా మోసిన గుమాస్తాను పట్టుకున్నది ఆయనే. కాలికి ఉత్తుత్తి కట్టుతో వచ్చిన డ్రైవరును పట్టుకున్నదీ ఆయనే.

ఈ లైన్‌మన్ మొదటి పరీక్షకు మెడ దాకా గుడ్డలు చుట్టుకుని, గొడుగు కింద నక్కుతూ వచ్చాడు. తీరా విప్పి చూస్తే ఒళ్ళు నున్నగా ఉంది. ఇవాళ అరగంటలో డాక్టర్ల ముందు రెండో పరీక్ష. ఈలోగా పెద్దమనిషి తీరిగ్గా ఎండ కాచుకుంటున్నాడు.

అధికారి ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. లైన్‌మన్ పక్కనే అతని భార్య ఉంది. చేతిలో గొడుగుంది గానీ తెరవలేదు. మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. మొగుడూ పెళ్ళాం కూడబలుక్కునే వచ్చారన్నమాట.

ఇరవై నిమిషాలు నిండాక ఆయన మెట్లు దిగాడు.

"ఇక చాలు, లోపలికి పదండి," అంటోంది భార్య.

"ఇంకో రెండు నిమిషాలు ఆగు," అన్నాడు లైన్‌మన్.

"ఏమయ్యా, ఎండ హాయిగా ఉన్నట్టుందే," వెనకనుంచి అన్నాడు అధికారి. "నీకు పడదన్నావుగా?"

"పడదు సార్."

"మరి ఇందాకటినుంచీ ఇక్కడేం చేస్తున్నట్టు? అంతా ఫోనులోకి ఎక్కింది. బదిలీ సంగతి దేవుడెరుగు, ఇప్పుడు ఉన్న ఉద్యోగమే ఊడుతుంది."

లైన్‌మన్ ఇటు తిరిగాడు. ముఖం ఉబ్బి కళ్ళు సగం మూసుకుపోయాయి. మోచేతుల నుంచి వేళ్ళ దాకా ఎర్రటి దద్దుర్లు ఒకదానిమీద ఒకటి లేచి ఉన్నాయి. పళ్ళు బిగబట్టి, మూలుగు బయటికి రాకుండా ఆపుకుంటున్నాడు.

అధికారి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఏ పసరో పూసుకొచ్చి ఉంటాడని మనసుకి సర్ది చెప్పుకున్నాడు. అయినా గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"నిజంగా రోగమే ఉంటే, తెలిసి తెలిసి ఎవడైనా ఎండలో నిలబడతాడా? ఎవరు నిలబడమన్నారు నిన్ను?"

భార్య గొడుగు తెరిచి మొగుడి మీద పట్టింది. రెండో చేత్తో సంచిలోంచి ఒక కాగితం తీసి అధికారికి అందించింది.

'దరఖాస్తుదారుని ఒంటిపై ఎట్టి గుర్తులూ కనిపించనందున నిర్ణయం వాయిదా వేయడమైనది. రెండవ పరీక్షకు వ్యాధి లక్షణాలు కంటికి కనిపించే స్థితిలో హాజరు కావలెను' అన్న ఆ ఉత్తర్వు కింద ఉన్న సంతకం ఆయనదే.