బడిలో రాయించిన వయసు

చెల్లెలు సుభాషిణికి నాలుగో నెల. కడుపులోని బిడ్డకు పుట్టుకతో లోపం ఉండే అవకాశం నూట తొంభైలో ఒకటని రక్తపరీక్షలో వచ్చింది. అది ఎక్కువేనట. మూడు రోజులు తను అన్నం సరిగా తినలేదు, నేను పూజగది విడవలేదు.

నాలుగో రోజు సుబేదారిలోని ఆసుపత్రిలో డాక్టరమ్మ, పొట్టలోకి సూది వేసి ఉమ్మనీరు తీసే పరీక్ష చేయించుకొమ్మంది.

"ముప్పై తొమ్మిదేండ్లు గదమ్మా. ఈ లెక్కల వయసే ముఖ్యం."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"దానికి ముప్పై ఏడే మేడమ్. చిన్నప్పుడు ఇంట్ల పని చేసుకోనిస్తలేదని, రెండేండ్లు ఎక్కువ రాయించి బడిల ఏసిన."

సుభాషిణి నోరు తెరిచి నన్నే చూసింది.

డాక్టరమ్మ ల్యాబుకు ఫోన్ చేసి లెక్క మళ్లీ వేయించింది. మూడు వందల్లో ఒకటి. ఇప్పటికి సూది అక్కర్లేదు, స్కానింగ్ చాలంది.

బయటికి రాగానే చేతులు జోడించాను. "దేవుడు నా మొర విన్నడే."

సుభాషిణి కళ్లు తుడుచుకుంది.

"మూడు దినాలు ఆయన్ని సతాయించినవ్ గదక్కా. పాపం, ఆయనకేమెరుక? రాయించింది నువ్వాయె!"