గుమ్మి నింపే తీరు

“గిట్లయితే ఐదింటికి కాదు సార్, ఎల్లుండికి గూడ కాదు,” అంది హనీఫా, కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండానే.

రఘుపతి గోడ గడియారం వంక చూశాడు. నల్లగొండలోని ఆ చిన్న కంప్యూటర్ కేంద్రానికి ఆయనే ఇన్‌చార్జి. జిల్లా ఏడో తరగతి ఫలితాలు, ప్రైవేటుగా పరీక్ష కట్టిన పెద్దవాళ్లవి కూడా కలిపి, ఈసారి మనమే తయారు చేద్దామని నిండు మీటింగులో రొమ్ము విరుచుకుని మాటిచ్చి వచ్చాడు. అది తొంభై ఆరు వేసవి. సాయంత్రం ఐదింటికి ఫలితాలు రాకపోతే ఫ్లాపీలన్నీ మూటగట్టి హైదరాబాద్ పంపాల్సిందే. ఇక తలెత్తుకుని తిరిగేదెలా?

మార్కులు ఫ్లాపీల్లోకి ఎప్పుడో ఎక్కాయి. వాటిని కొత్త డేటాబేసులోకి ఎక్కించడమే మిగిలింది. ఆ పనే నత్తనడక నడుస్తోంది.

“ఎందుకమ్మా గింత నిదానం?”

“మీరు చెప్పినట్టే రాసిన గద సార్. కరెంటు పోతదని, ఒక్కొక్కల మార్కులు ఎక్కంగనే సేవ్ చెయ్యమంటిరి. ఎక్కినప్పుడల్లా మెషిన్ హాల్‌టికెట్ నంబర్ల ఇండెక్స్, అంటే నంబర్లు వెతికే పట్టీ, మళ్ల సర్దుకుంటాంది. ఒక్కో వడ్ల గింజ తెచ్చి గుమ్మిల ఏసి, ఏసినప్పుడల్లా మూత పెట్టినట్టుంది మన పని.”

“మరేం జేద్దామంటవ్?”

“బస్తాలకు బస్తాలు పోద్దాం. ఐదు వందల మందిని ఎక్కించి ఒక్కసారి సేవ్ చేద్దాం. ఇండెక్స్ ఇప్పుడు తీసేసి, అందరు ఎక్కినంక ఒక్కసారే కడదాం.”

“నడుమల కరెంటు పోతే?”

“ఆఖరు బస్తా పోతది. మళ్ల పోస్తం. గుమ్మి మొత్తం పోదు గద సార్.”

పిల్లకు పొగరని ఆఫీసులో అందరూ అనుకునేవారు. ఉస్మానియాలో చదివి, సొంత ఊరికే వచ్చి పని చేస్తానన్నప్పుడు ఆ పొగరు చూసే రఘుపతికి ముచ్చటేసింది. ఇప్పుడు మాత్రం అదే పొగరు ఆయన్ను భయపెడుతోంది.

ఫోన్ మోగింది. హనీఫా ఒక్క ఉదుటున అందుకుంది.

“తిన్నవా? ఇంక కాలే. ఫికర్ చెయ్యకు, నేనే చేస్త ఫోన్.”

పొద్దటి నుంచి అదే వరస.

“ఎవలమ్మా?”

“మా అమ్మి సార్. మా గల్లీల ఎస్టీడీ బూత్ కాడ్నే కూసుంది. ఇంటికి పొమ్మంటే పోతలేదు.”

పెళ్లీడు పిల్ల, తల్లి అంత ఆత్రపడుతోంది. రఘుపతికి విషయం అర్థమైపోయింది.

“చూడనీకి ఎవలన్న వస్తున్నరా? జల్ది కానియ్ మరి. నీ బస్తాలే పోద్దాం.”

హనీఫా తల వంచుకుని నవ్వి, మళ్లీ కీబోర్డు అందుకుంది.

పద్ధతి మార్చగానే మెషిన్‌కు రెక్కలొచ్చాయి. తెర మీద అంకెలు పరుగులు పెడుతుంటే రఘుపతి చిన్నపిల్లాడిలా పక్కనే నిలబడి చూశాడు. మూడింటికి కరెంటు పోయింది. ఆయన అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

కరెంటు వచ్చాక హనీఫా గబగబా చూసింది. “ఆఖరు బస్తానే పోయింది సార్.”

నాలుగున్నరకల్లా అందరి మార్కులూ ఎక్కాయి. ఇండెక్స్ కట్టింది. సరిగ్గా ఎక్కాయో లేదో చూడ్డానికన్నట్టు, ఏ కాగితమూ చూడకుండా నోటికొచ్చిన హాల్‌టికెట్ నంబరొకటి కొట్టింది. కనురెప్ప కొట్టేలోపు మార్కులు తెర మీద నిలిచాయి. హనీఫా కళ్లు చెమర్చాయి. అది చూసి రఘుపతి కళ్లూ చెమర్చాయి. మన పిల్ల, మన నల్లగొండ పిల్ల అనుకుంటే ఆయన ఛాతీ పొంగింది.

“హైదరాబాదోళ్లే వచ్చి నీ కాడ నేర్చుకోవాలె బిడ్డా. ఇగ ఇంటికి ఫోన్ కొట్టు, సంబంధమోళ్లు ఎదురుచూస్తుంటరు.”

“బయట బోర్డు మీద అంటించేదాక చెయ్యను సార్. తప్పయితది.”

సంబంధానికీ బోర్డుకూ లంకె ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. ఐదింటికి గేటు దగ్గర జాబితాలు అంటించారు. జనం గోల లోపలి దాకా వినిపించింది. అప్పుడు హనీఫా బూత్ నంబరు తిప్పింది. అవతల మొదటి రింగుకే ఎత్తారు.

“అమ్మీ, నువ్వు పాసైనవ్.”