గోరింక పట్టిన తప్పులు

నూనె గానుగ పక్కనున్న చెట్టు తొర్రలో పుట్టింది గోరింక. కళ్ళు తెరవకముందే చెవిన పడింది గానుగ మోతే కాబట్టి, లోకంలో సంగీతమంటే అదొక్కటేనని దాని గట్టి నమ్మకం. రోజూ పొద్దున్నే గొంతు సవరించుకుని "కిర్ర్... కిర్ర్..." అని పాడేది. కింది కొమ్మ మీద ఉడత తోక ఊపుతూ వినేది. గోరింక పాట వినడానికి ఉన్నది ఆ ఒక్క ఉడతే.

ఒకరోజు ఆ కొమ్మ ఖాళీగా ఉంది. చూస్తే, ఎదురుగా సీతాఫలం చెట్టు మీద కొత్తగా వాలిన పిగిలిపిట్ట పాటకి తోక ఊపుతోంది ఉడత! గోరింకకి ఒళ్ళు మండిపోయింది.

"అదీ ఒక పాటేనట్రా? మచ్చుకైనా ఒక్క కిర్రు లేదు!"

"బాగానే ఉంది కదత్తా?"

"జామకాయలు కొరుక్కునేవాడివి, నీకేం తెలుసు! ఉండు, దాని తప్పులన్నీ పట్టుకుని నీకు చెబుతా."

ఆనాటి నుంచి గోరింక ఆకుల చాటున నక్కి, ఒక్క విరుపు కూడా వదలకుండా వింది. పిగిలిపిట్ట ఆలస్యంగా లేస్తే తిట్టుకుంది. వానకి పాట ఆగిపోయిన రోజు దానికి తిండి కూడా సయించలేదు.

కొన్నాళ్ళకి నీటిగుంటలో స్నానమాడుతూ గోరింక కళ్ళు మూసుకుని కూనిరాగం తీస్తోంది. గట్టున ఉన్న ఉడత నోట్లోంచి గింజ జారిపోయింది.

"అత్తా, అది పిగిలిపిట్ట పాట కదూ?"

గోరింక గబుక్కున రెక్కలు దులుపుకుంది. "దానిదే. ఎక్కడెక్కడ తప్పిందో పాడి చూసుకుంటున్నా."

"సరే, నేను దాని పాట వినడానికే వెళ్తున్నా."

"ఆగరా, నేనూ వస్తా. త్వరగా నడు, మొదటి తప్పు వినకుండా పోతాం!"