మూడో పాట మధ్యలో

పెట్టె బల్ల మీద పెట్టాక కూడా పెద్దాయన కదల్లేదు.

ఆడియో పరికరాల గురించి పత్రికకు రాసే సమీక్షకుడు కాసేపు చూశాడు. సామాను తెచ్చేవాళ్లు సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. ఈయన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, గోడవారగా నిలబడ్డాడు.

"ఇంకేమైనా ఉందా?"

"మీరు వినేదాకా ఉంటానండీ. అయ్యాక పట్టుకెళ్లిపోతాను."

పొద్దున ఫోన్ చేసినావిడ ఈ సంగతి చెప్పలేదు. "మా ప్రీయాంప్లిఫయర్ మనిషితో పంపుతున్నాను. మీ పత్రికలో రాయకపోయినా పర్వాలేదు, ఒక్కసారి వినండి చాలు" అని మాత్రం అంది. రాయని దానికి వినడం ఎందుకో అతనికి అప్పుడే అర్థం కాలేదు.

మూత తీశాడు. బొటనవేలంత గాజు వాల్వులు రెండు, వాటి వెనక బ్యాటరీల వరుస. గోడ కరెంటుతో పనే లేదు. రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే సన్నటి ధ్వనిని పెద్ద యాంప్లిఫయర్‌కు శుభ్రంగా అందించాలి. అంతే దీని పని.

"బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?" అటు తిరిగి వైర్లు కలుపుతూనే అడిగాడు.

జవాబు లేదు.

తల తిప్పి మళ్లీ అడిగాడు.

"నాలుగు గంటలండీ."

ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా అనుకుంటూ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు: నాలుగు గంటలే. తక్కువ.

పాట పెట్టకుండా వాల్యూమ్ చివరిదాకా తిప్పి, స్పీకర్‌కు చెవి ఆనించాడు. ఎంతటి యాంప్లిఫయరైనా ఇక్కడ దొరికిపోతుంది. సన్నగా తుమ్మెద రొదలాంటిది ఉండి తీరుతుంది.

ఏమీ లేదు.

వైరు ఊడిందేమోనని చూశాడు. ఊడలేదు. వాల్వులు నిప్పుకణికల్లా వెలుగుతూనే ఉన్నాయి. చివరికి తన చెవి దగ్గర తనే చిటికె వేసి చూసుకున్నాడు. చెవి బాగానే ఉంది.

వాల్యూమ్ తగ్గించి, రికార్డు పెట్టి తన కుర్చీలో కూర్చున్నాడు.

పెద్దాయన స్టూలు లాక్కుని రెండు స్పీకర్లకూ మధ్య వేసుకున్నాడు. వీపు వాటివైపు, మొహం ఇతనివైపు.

"అక్కడ కూర్చుంటే మీకేం బాగుంటుందండీ? ఇటు రండి."

"పర్వాలేదండీ. మీరు వినండి."

సమీక్షకుడి భార్య టీ తెచ్చింది. "చక్కెర వేయమంటారా?" అని పెద్దాయన వెనక నుంచి అడిగింది. ఆయన పలకలేదు. రెండోసారి అడిగింది. ఉలుకూ పలుకూ లేదు.

"మనిషికి కాస్త బిగువు ఎక్కువలా ఉందే" అని భర్త చెవిలో అని, కప్పు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

సమీక్షకుడికి ముప్ఫై ఏళ్లుగా ఒక నియమం ఉంది. పెట్టెలు తెచ్చినవాళ్ల ముందు మొహంలో ఏదీ కనపడనివ్వడు. ఒకసారి ఎవరి ముందో తల ఊపిన పాపానికి, ఆ తల ఊపుడునే వాళ్లు ప్రకటనలో వేసుకున్నారు. అప్పటినుంచి రాయిలా కూర్చుని వింటాడు. 'మీరు పాట వింటున్నారో పన్ను పీకించుకుంటున్నారో తెలీదు' అంటుంది భార్య.

మొదటి పాట అయింది. రెండోది అయింది.

మూడోది ఇరవై ఏళ్లుగా వింటున్న పాట. రికార్డు మీద ఎక్కడ గీత పడిందో కూడా అతనికి తెలుసు.

చరణం ఎత్తుకునే ముందు గాయని ఊపిరి తీసుకుంది.

అతను తెల్లబోయాడు. ఇన్నేళ్లలో ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదు. మెట్లెక్కి వచ్చినట్టు, తడబడుతూ తీసుకున్న ఊపిరి. పాడుతున్న మనిషి గదిలోకి వచ్చి నిలబడినట్టయింది.

ఎదురుగా పెద్దాయన రెప్ప వేయకుండా తననే చూస్తున్నాడు.

సమీక్షకుడు పళ్లు బిగబట్టి, తల దించుకుని నోట్‌బుక్‌లో ఊరికే రెండు గీతలు గీశాడు.

పెద్దాయన లేచాడు.

"చాలండీ."

"పాట ఇంకా అవలేదు."

"తెలిసిందండీ."

"ఏం తెలిసింది?"

ఆయన కొంచెంగా నవ్వి స్విచ్ ఆపేశాడు. పాట టక్కున ఆగింది. వైర్లు ఒక్కొక్కటే తీసి, చుట్టి, పెట్టె చంకన పెట్టుకున్నాడు.

"శ్రమ ఇచ్చాను" అని వెళ్లిపోయాడు.

తెచ్చిందెందుకు, సగంలో పట్టుకెళ్లిందెందుకు? మోసుకొచ్చిన మనిషికి అంత తొందరేమిటి? ఎంత ఆలోచించినా సమీక్షకుడికి అంతు చిక్కలేదు.

మూడు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాశాడు. ముప్ఫై ఏళ్లలో ఒక వస్తువును అంతలా మెచ్చుకోవడం అదే మొదటిసారి. నాలుగోరోజు ఫోటో కోసం ఆవిడకు ఫోన్ చేశాడు.

"ఫోటో ఎందుకండీ?" అంది ఆవిడ. "ఆ పెట్టె ఇప్పుడు లేదు. ఇంటికి రాగానే నాన్న విప్పేశారు. వాల్వులు ఎవరికో ఇచ్చేశారు."

"నాన్నా? ఆ వచ్చింది మీ నాన్నగారా?"

"అవునండీ. తొమ్మిదేళ్లు చేశారు దాన్ని."

"మరి ఎందుకు విప్పేశారు?"

"మీకు నచ్చలేదు కదండీ."

"నేనలా అనలేదమ్మా. అసలు ఒక్క మాట కూడా అనలేదు."



"మీరు అన్నా అనకపోయినా ఒకటేనండీ. నాన్నకు పదేళ్ల కిందటే రెండు చెవులూ పూర్తిగా పోయాయి. మాటైతే పెదాలు చూసి పట్టుకుంటారు గానీ, పాట మాత్రం వినేవాళ్ల మొహంలోనే వింటారు."