నానబెట్టిన గొడ్డలి

తినగరన్‌ను చంపింది తలరాత కాదు. కాంట్రాక్టరు శ్రీకుమార్ చంపాడు.

పాత సామాన్ల కొట్లో తుప్పు పట్టిన గొడ్డళ్ళు ఏరుకొచ్చాడు. ఎర్ర రంగు పూశాడు. కర్ర కామలు తొడిగి, బిగువుకి కర్ర చీల కొట్టాల్సిన చోట ఇనప మేకులు దిగ్గొట్టి పనివాళ్ళ చేతుల్లో పెట్టాడు. ఇటుక బట్టీకి రబ్బరు చెట్ల కట్టె పగలగొట్టమన్నాడు. మన తెలుగువాడే కదా అని మనమూ నోరు మూసుకున్నాం. మన నోళ్ళకీ ఉంది ఆ పాపంలో వాటా.

ఆయుధపూజ ముందురోజు తినగరన్ భార్య రత్నావతి అతనికిచ్చిన గొడ్డలిని తోమి, నీళ్ళ డ్రమ్ములో ముంచి పెట్టింది.

మలేసియాలో సుంగై పెటాని శివారున పనివాళ్ళ లైను ఇళ్ళవాళ్ళంతా చేసేదే అది. నానితే కర్ర ఉబ్బుతుంది. గొడ్డలి కదలకుండా బిగుసుకుంటుంది.

మర్నాడు దానికి గంధం రాసి, కుంకుమ పెట్టి, మాల వేసి పటాల ముందు నిలబెట్టింది.

హారతి ఇచ్చి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఎవరో ముసలావిడ. భుజాన బరువైన సంచి. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"ఆ గొడ్డలి ఓపాలి ఇలాగియ్యమ్మా."

"పూజలో ఉంది. ఈరోజు కదపకూడదు లా, పాట్టీ. కూసో, అన్నం తిని ఎల్దువు."

"అన్నం వద్దు. దాన్ని నీళ్ళలో ఎట్టినావా?"

"ఎట్టినాను. అందరం ఎడతాం."

"ఇయాల బిగువుగానే ఉంటాది. రేపు ఎండకి కర్ర ఆరిపోద్ది. నానకముందు కన్నా ఒదులైపోద్ది. పైకి తెలీదమ్మా."

పక్కింటి పుష్పవల్లి గోడ మీంచి తొంగిచూసింది.

"ఏటి రత్నా, గొడ్డళ్ళ డాక్టరమ్మ నీ ఇంటికీ వచ్చినాదా? అటేపు లైన్లో తరిమేసినారు."

రత్నావతికి నవ్వొచ్చింది. వెంటనే అనుమానమూ వచ్చింది.

"ఎవులు నువ్వు? కాంట్రాక్టరు పంపినాడా?"

ముసలావిడ తల దించుకుంది.

"అతను పంపలేదు. నా పెనిమిటి ఎస్టేట్లో కామలు తొడిగినోడు. కామ నెత్తిన ఎండుకర్ర చీల ఎలా దించాలో నాకు తెలుసు. ఒక్క గడియ ఇయ్యమ్మా."

ఇవ్వకముందే లోపలికి వచ్చేసింది. మాల తీసి పక్కన పెట్టింది. గొడ్డలిని ఒళ్ళో పెట్టుకుని సంచిలోంచి సుత్తి తీసింది.

రత్నావతికి ఒళ్ళు మండింది. పూజలో ఉన్న ఆయుధాన్ని ఊరూపేరూ తెలియని మనిషి ముట్టుకోవడమా? గొడ్డలి లాక్కుంది. రెక్క పట్టి బయటికి నెట్టింది.

ముసలావిడ మెట్టు తప్పి మోకాళ్ళ మీద పడింది. సంచిలోని కర్ర చీలలు వాకిలంతా చెదిరాయి.

ఎవరూ లేవదీయలేదు. ఆవిడే లేచి, ఒక్కో చీలా ఏరుకుంది.

"సరేనమ్మా. నన్ను ముట్టుకోనియ్యకు. రేపొక్కరోజు నీ మనిషిని పనికి అంపకు."

"మంచిరోజు పూట నా మొగుడి మీద ఆ మాటలేటి? ఎల్లు."

ముసలావిడ కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం గుడి నుంచి వచ్చిన తినగరన్‌కు రత్నావతి అంతా చెప్పింది.

"ఇచ్చుంటే ఏటి పోను?" అన్నాడు. "ముసల్దాన్ని తొయ్యడమేటి?"

"అయితే ఎల్లి తెచ్చుకో లా. కాళ్ళు కూడా పట్టుకో."

అతను నవ్వి గొడ్డలిని ఊపి చూశాడు. రాయిలా ఉంది. తెల్లారి బొట్టుతోనే భుజాన వేసుకుని వెళ్ళాడు.

ఆ రోజు ఎండ విరగకాసింది. మధ్యాహ్నానికి కర్ర పూర్తిగా ఆరిపోయింది.

తినగరన్ గొడ్డలిని తల మీదికి ఎత్తాడు. ఎత్తిన చోటే అది ఊడి, వెనక్కి జారి, మెడ మీద పడింది. చేతుల్లో ఉత్త కామ మిగిలింది.

శవం ఇంటికి వచ్చాక శ్రీకుమార్ కారు వచ్చింది. పూలదండ పట్టుకుని దిగాడు.

"ఏటి సేస్తాం సెల్లెమ్మా. విధి. మా అమ్మ కూడా వచ్చింది. కార్లోనే ఉంది. నీ మొకం సూడలేనంటాది."

రత్నావతి కారు వైపు చూసింది. అద్దం దించి ఉంది. లోపలి మనిషి ఒళ్ళో అదే బరువైన సంచి. కళ్ళు తుడుచుకుని లేచింది.

"మిగిలిన గొడ్డళ్ళేవి?"

"పనోళ్ళ ఇళ్ళల్లోనే. ఇప్పుడు అదంతా ఎందుకు?"

"రేపు ఎవులూ వాటిని ఎత్తరు. అన్నీ ఇక్కడికి తెప్పించు. మేకులు పీకించు. చీలలు కొట్టించు."

శ్రీకుమార్ దండ చేతులు మార్చుకున్నాడు.

"చీలలు కొట్టేవోళ్ళు ఇప్పుడెక్కడున్నారు సెల్లెమ్మా? ఆ పని మా నాన్నతోనే పోయింది."

"పోలేదు. పండగనాడు నా వాకిట్లోకి వస్తే రెక్క పట్టి గెంటేసినాను. ఆ దండ కిందెట్టి కారు తలుపు తియ్యన్నా, మీ అమ్మని దింపు, నా మొగుడి గొడ్డలి తప్ప అన్నీ ఇప్పుడే ఆయమ్మ ముందర పెట్టు."