ఆ పిట్టనేమంటారు?

మోటార్‌సైకిల్ చప్పుడు వినబడగానే నలుమన్సి అల్లుతున్న చాప పక్కన పడేసింది.

“అదుగో అత్తయ్యా, నీ మాటల పెద్దమనిషి వచ్చాడు!” వంటపాకలోంచి కోడలు బాబిర్యె కేకేసింది. “లుగాండా మాటల కోసం వస్తున్నాడో, నా చేతి మటోకే, ఆ ఉడికించిన అరటికాయ ముద్ద తినడానికి వస్తున్నాడో మరి!”

“నీ నోటికి తాళం వెయ్యవే తల్లీ,” అంది నలుమన్సి. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

అరటితోట పక్కన బండి దిగి కిబిరిగె లోపలికొచ్చాడు. అరవై దాటిన మనిషి. నలుమన్సి వాకిట్లోనే మోకరిల్లి పలకరించింది. ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని మగవాళ్లను పలకరించడం మా బుగాండాలో మామూలే. అందుకే పది శనివారాలుగా ఆమె లోలోపల క్షమాపణ అడుగుతూ మోకరిల్లుతున్నా ఎవరికీ అనుమానం రాలేదు.

కిబిరిగె లుగాండా మాటలకు నిఘంటువు రాస్తున్నాడు. కంపాలా పిల్లలకు సగం మాటలు తెలియవు. తెలిసిన ముసలివాళ్లేమో ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అందుకని ఊరూరా తిరిగి, కనబడ్డ ప్రతిదాన్నీ చూపించి అడుగుతాడు.

“ఈ చాప అంచునేమంటారమ్మా? ఈ ముడికి పేరేమిటి? ఎండిన ఈతాకుకు వేరే పేరుందా?”

నలుమన్సి చెబుతూనే ఉంటుంది. ఆయన రాసుకుంటాడు. కుడిచేతి చూపుడువేలు వంకరపోయింది కాబట్టి కలాన్ని పక్క రెండు వేళ్ల మధ్య ఇరికించి రాస్తాడు. ఆ వేలు కంటబడినప్పుడల్లా ఆమె చూపు తిప్పుకుంటుంది.

ఆ వేలు అలా కావడానికి కారణం ఆమే.

యాభై ఏళ్ల కిందటి సంగతి. వాళ్ల బడిలో ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదు. ఎవరి నోట లుగాండా ముక్క వచ్చినా, తాడుకు కట్టిన ఆవు ఎముక వాళ్ల మెడలో పడేది. ఇంకొకరు లుగాండా మాట్లాడగా పట్టుకుని వాళ్ల మెడలో వేసేదాకా మొయ్యాల్సిందే. సాయంత్రం గంట కొట్టేటప్పటికి ఎముక ఎవరి దగ్గరుంటే బెత్తం దెబ్బలన్నీ వాళ్లకే.

ఆ వారం సోమవారం, మంగళవారం ఎముక నలుమన్సి దగ్గరే ఆగిపోయింది. అరచేతులు బూరెల్లా వాచాయి. బుధవారం మళ్లీ ఆమె మెడలోనే పడింది. ఎముకను గౌను లోపలికి దోపుకుని బడి ఆవరణంతా తిరిగింది. ఒక్కరూ నోరు జారలేదు.

ఇంకో పది నిమిషాల్లో గంట కొడతారనగా, పనస చెట్టు కింద కిబిరిగె వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఒక తరగతి కిందివాడు. మూడేళ్లలో ఒక్కసారి కూడా దొరకనివాడు. ఎదురుగా తోక ఆడిస్తూ ఓ నలుపూ తెలుపూ పిట్ట గెంతుతోంది.

“మీ ఇంట్లో ఆ పిట్టనేమంటారు?” అని ఇంగ్లీషులోనే, ఊరికే అడిగినట్టు అడిగింది నలుమన్సి.

“నమున్యే,” అన్నాడు వాడు. గట్టిగా, పాఠం అప్పజెప్పినట్టు.

ఎముక తీసి వాడి మెడలో వేసింది. పన్నెండు దెబ్బలు పడ్డాయి. వేలు విరిగింది. వాళ్ల నాన్న బడి మాన్పించి కాఫీ తోటలో పనికి పెట్టాడు. నలుమన్సి మాత్రం ఆ ఏడాది నిక్షేపంగా పాసయింది. తన్ను తాను తిట్టుకోని రోజు లేదు. ఇన్నేళ్లలో ఆ పిట్ట పేరు మళ్లీ నోట పలకలేదు.

“పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్తోందమ్మా,” అన్నాడు కిబిరిగె, అతిథి మర్యాదగా ఆమె పెట్టిన కాఫీ గింజలు నములుతూ. “మొదటి పేజీలో మీ పేరు వేయిస్తున్నాను. ఇన్ని మాటలు ఇంకెవరిచ్చారు నాకు?”

“వద్దయ్యా! నా పేరొద్దు!”

“అదేంటమ్మా? పది మాటలిచ్చినవాళ్లు కూడా మా పేరుందా, మా ఫొటో ఉందా అని పీక్కుతింటున్నారు.”

“నీకు దణ్ణం పెడతాను. వద్దు.”

అంతలో వాకిట్లో అలాంటి నలుపూ తెలుపూ పిట్టే వాలింది. తోక ఆడిస్తూ చాప అంచుదాకా గెంతుకుంటూ వచ్చింది. కిబిరిగె వంకర వేలితో అటు చూపించాడు.

“సరే, ఇదొక్కటీ చెప్పండి చాలు. ఆ పిట్టనేమంటారు?”

నలుమన్సికి అర్థమైంది. గుర్తుపట్టాడు. మొదటి శనివారమే పట్టి ఉంటాడు. ఇన్నాళ్లూ ఈ ఒక్క ప్రశ్న దాచిపెట్టుకుని తిరిగాడన్నమాట.

ఆమె మళ్లీ మోకరిల్లింది. ఈసారిది పలకరింపు కాదని కోడలికి కూడా తెలిసిపోయింది. అరిటాకులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

“నేనేనయ్యా ఆ పాపిష్టిదాన్ని!” నలుమన్సి భోరున ఏడ్చేసింది. “అమాయకంగా నా పక్కకొచ్చి నిలబడితే నీకు ఉచ్చు బిగించాను. నీ వేలు పోయింది, నీ చదువు పోయింది. నా చేతులు కాపాడుకోవడానికి నిన్ను బలిపెట్టాను. తిట్టు, కొట్టు, నీ ఇష్టం. ఆ పుస్తకంలో మాత్రం నా పేరు వెయ్యకు.”

కిబిరిగె కలం జేబులో పెట్టుకున్నాడు. వంగి, ఆమె అరచేతులు రెండూ తిప్పి చూశాడు.

“అమాయకంగానా? నీ మెడ వెనక తాడు చూశాకే వచ్చి నీ పక్కన నిలబడ్డాను నలుమన్సీ, గంట కొట్టేలోగా నువ్వు అడగవేమోనని నా ప్రాణం పోయిందనుకో.”