ఇంకొక్క చుట్టు

"అంకోరా?" అన్నాడు మీట దగ్గరి గడ్డం మనిషి.

మళ్లీనా అని అడుగుతున్నాడని దోన్కాకి అర్థమైంది. కానీ నోరు తెరిస్తే పొద్దున తిన్నదంతా బయటికొచ్చేలా ఉంది. అరచేత్తో నోరు మూసుకుని, వద్దని గట్టిగా తల ఆడించింది.

"బ్రావా, నోన్నా!" అని అతను, భేష్ బామ్మా అన్నట్టు, చప్పట్లు కొట్టి మీట నొక్కాడు. రోలర్ కోస్టర్ మళ్లీ కదిలింది.

దోన్కా ఒళ్లో బిగుసుకున్న ఇనప కడ్డీని రెండు చేతులా పైకి నెట్టింది. అది వేలెడు కూడా లేవలేదు. తొడలు నొక్కేస్తోంది. కాళ్లు ముడుచుకోవడానికి లేదు, పక్కకి తిరగడానికి లేదు. కింద గొలుసు టకటకమంటూ బండిని ఆకాశంలోకి లాక్కుపోతోంది.

"వద్దంటే మళ్లీ తిప్పుతాడేంటే వీడు?"

"ఏమో అమ్మమ్మా," అంది పక్క సీట్లోని మనవరాలు రాలిత్సా. దానికి పదేళ్లు.

"ఏమో ఏంటి? వీళ్ల భాష మీ అమ్మ చలికాలమంతా ఫోన్లో నేర్పింది కదా. దింపమని చెప్పవే."

"ఆయన గబగబా మాట్లాడుతున్నాడు. నాకు రావట్లేదు."

"నాతో వాదించడానికైతే ఎన్ని మాటలైనా వస్తాయి! అసలు నిన్ను నమ్మి ఎక్కడం నాదే బుద్ధి తక్కువ."

"నేనొక్కదాన్నే ఎక్కితే భయపడతానని నువ్వేగా ఎక్కావు?"

"నీకు భయమన్నాను. నాకు లేదన్నానా?"

వాన తుంపర పడుతోంది. ఇటలీలో బడులు తెరిచిన వారం కావడంతో పార్కంతా బోసిగా ఉంది. వరసలో నిలబడ్డవాళ్లు లేరు. బండిలో కూడా వీళ్లిద్దరే. అందుకే ఆ గడ్డం మనిషి దింపకుండానే ఎన్నిసార్లయినా తిప్పుతున్నాడు.

కింద కంచె దగ్గర దోన్కా కూతురు నెవేనా, తల్లి సంచి భుజాన వేసుకుని చెయ్యి ఊపుతోంది. "అమ్మా! బస్సూ!" అన్న కేక సన్నగా పైకి వచ్చింది.

సాయంత్రం బస్సుకి దోన్కా బల్గేరియా వెళ్లిపోతుంది. రాలిత్సా ఇక్కడే తల్లి నెవేనా దగ్గర ఉండిపోతుంది. పిల్ల నవ్వుతూ ఉండగానే విడిపోతే మంచిదని, బస్సు దగ్గరి ఏడుపులు వద్దని, ఈ పార్కుకు రమ్మన్నది నెవేనాయే.

బండి శిఖరం మీద ఒక్క క్షణం ఆగినట్టయింది. తర్వాత కింద నేల లేదు. కళ్లు మూసుకుంటే ఇంకా లోతుకి పడుతున్నట్టుంది, తెరిస్తే నేల మీదికొస్తోంది. అరిస్తే వినేవాళ్లు లేరు. విన్నా ఆనందం అనుకుంటారు. తలకిందులై, పక్కకి ఒరిగి, మళ్లీ తలకిందులై, చివరికి బండి ఈడ్చుకుంటూ వచ్చి మీట దగ్గర నిలబడింది.

"అంకోరా?"

ఈసారి దోన్కా మెడ విరిగేలా తల ఆడించింది. వద్దు, వద్దు, వద్దు.

గడ్డం మనిషి ముఖం వెలిగిపోయింది. బొటనవేలు పైకెత్తి చూపించాడు. బండి కదిలింది.

"వీడి మొహం మండా! వీడికి కళ్లు లేవా? బస్సు పోతుందే! ఆ డ్రైవరు కన్నతల్లి కోసం కూడా ఆగడు!"

గొలుసు టకటకమంది. రాలిత్సా కడ్డీ మీద వాన చుక్కల్ని వేలితో తుడుస్తూ కూర్చుంది.

"అమ్మమ్మా, నిన్న ఐస్‌క్రీమ్ కొట్లో ఏమైందో తెలుసా? చాక్లెట్ వెయ్యనా అంటే, వెయ్యమని తల ఇలా ఇటూ అటూ తిప్పాను. ఆయన డబ్బా మూసేశాడు."

"ఎందుకు?"

"ఇక్కడంతా తిరగేసి ఉంటుందట. మనం కావాలంటే తల అడ్డంగా తిప్పుతాం కదా, వీళ్లకది వద్దని. మనం వద్దంటే పైకీ కిందికీ ఊపుతాం కదా, వీళ్లకది సరేనని. అమ్మ చెప్పింది."

దోన్కా మనవరాలి వైపు తిరగబోయింది. కడ్డీ తిరగనివ్వలేదు.

"అంటే ఇందాకట్నుంచీ నేను వాడికి సరే సరే అంటున్నానా?"

"ఊఁ."

"తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చున్నావా, గాడిదా! నా ప్రాణాలు పోతుంటే?"

"చెప్తే దిగుతావు," అంది రాలిత్సా. "దిగితే వెళ్లిపోతావు."

కింద నెవేనా కంచె దాటి మీట వైపు పరుగెత్తుతోంది. బస్సుకి ఆలస్యమైతే కూతురికి కాలు నిలవదు. శిఖరం దగ్గర పడింది. దోన్కా తడిసిన చేత్తో మనవరాలి చెయ్యి వెతికి పట్టుకుంది. పడుతున్నంతసేపూ వదల్లేదు, అరవలేదు.

బండి వచ్చి ఆగింది. గడ్డం మనిషి ఈసారి దగ్గరికొచ్చి, వంగి, మర్యాదగా అడిగాడు.

"అంకోరా?"

దోన్కా కడ్డీని గట్టిగా పట్టుకుంది. ఈ దేశం వాళ్లలాగే, నెమ్మదిగా, స్పష్టంగా, తల పైకీ కిందికీ ఊపింది.

అతను చేతులు జోడించి ఏదో అంటూ మీట లాగాడు. కడ్డీ పైకి లేచిపోయింది.

"ఏమంటున్నాడే? ఎందుకు తీశాడు?"

"క్షమించు బామ్మా అంటున్నాడు," అంది రాలిత్సా, చెయ్యి వదలకుండానే. "మీ దేశంలో అలా ఊపితే వద్దని అర్థమని, అమ్మ ఇప్పుడే వచ్చి చెప్పిందట."